రూపాయిన్నర వడ్డీతో మొదలై నాలుగు రూపాయల వడ్డీకి చేరిన సామ్రాజ్యం

శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతి నుంచి కొండవీడు దుర్గాన్ని గెలుచుకున్న 1515వ సంవత్సరం మా గుంటూరు ప్రాంతపు వాళ్లకు బాగా గుర్తుండే సంవత్సరం. ఆ ఏడాది జనవరిలోనే బ్రస్సెల్స్ నగరంలో, ఇంకా పదిహేనేళ్లు నిండని ఒక కుర్రవాడికి మైనారిటీ తీరిందని సభాముఖంగా ప్రకటించి, నెదర్లాండ్స్ పాలనను అతని చేతికి అప్పగించారు. పొడవాటి ముఖం, ముందుకు చొచ్చుకు వచ్చిన దవడ, నోరు సరిగా మూతపడని ఇబ్బంది, మితభాషి. మరో నాలుగేళ్లు తిరిగేసరికి అతడు స్పెయిన్‌కు రాజు, నేపుల్స్‌కూ సిసిలీకీ రాజు, ఆస్ట్రియాకు ఏలిక, వీటన్నిటిపైన, ప్రధానంగా జర్మన్ రాజ్యాల కూటమి అయిన పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి ఎన్నికైన చక్రవర్తి. అతడే ఐదవ చార్ల్స్. అతని బిరుదావళిని పత్రాల్లో పూర్తిగా రాస్తే నిజంగానే కొండవీటి చాంతాడంత అవుతుంది.

ఇంత రాజ్యం అతనికి యుద్ధంలో గెలిచినందువల్ల రాలేదు. పెళ్లిళ్ల వల్లా, చావుల వల్లా వచ్చింది. తండ్రి తండ్రి మాక్సిమిలియన్ చక్రవర్తి నుంచి ఆస్ట్రియా భూములు, తండ్రి తల్లి మేరీ నుంచి బర్గండీ వంశపు నెదర్లాండ్స్, తల్లి తండ్రి ఫెర్డినాండ్ నుంచి స్పెయిన్‌లోని అరగాన్, తల్లి తల్లి ఇసబెల్లా నుంచి కాస్తీల్, దానితోపాటు అట్లాంటిక్ అవతల అప్పుడప్పుడే బయటపడుతున్న కొత్త ఖండం, అన్నీ ఒకే మనవడి మీదికి వచ్చి చేరాయి. మధ్యలో ఉండవలసిన వారసులు ఒకరి తర్వాత ఒకరు చనిపోవడం వల్లే అది సాధ్యమైంది. 1500 ఫిబ్రవరి 24న గెంట్ నగరంలో అతడు పుట్టినప్పుడు, ఈ పిల్లవాడికి ఇంత సంక్రమిస్తుందని ఎవరూ ఊహించి ఉండరు.

అతని చరిత్ర రాసేవారు సాధారణంగా రెండు దృశ్యాల చుట్టూ కథ అల్లుతారు. ఒకటి 1521లో, పోప్‌ను ధిక్కరించిన జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ అతని ఎదుట నిలబడిన వోర్మ్స్ సభ, రెండోది 1555లో మొదలుపెట్టి సింహాసనాలన్నీ ఒక్కొక్కటిగా వదిలి మఠానికి వెళ్లిపోయిన ఘట్టం. రెండూ గొప్ప ఘట్టాలే, కాదనను. కానీ చాలాకాలంగా ఈ చక్రవర్తి గురించి దొరికిందల్లా చదువుతూ వచ్చిన నాకు ఆ రెండింటినీ కలిపే దారం వేరొకచోట కనిపిస్తుంది. అతని నలభై ఏళ్ల పాలనంతా అప్పు మీద నడిచింది. తాతముత్తాతల నుంచి వచ్చిన ఒక్క సెంటు భూమిని కూడా వదులుకోకూడదన్న పట్టుదల ఒకవైపు, దాన్ని నిలబెట్టడానికి చేతిలో రొక్కం లేకపోవడం మరొకవైపు. అతని గెలుపులు ఎందుకు నిలవలేదో, అతని మంచి చట్టాలు ఎందుకు అమలుకు నోచుకోలేదో, చివరికి ఎందుకు అంతగా అలసిపోయాడో ఇక్కడి నుంచి చూస్తేనే అర్థమవుతుంది.

చక్రవర్తి పదవే అప్పుతో వచ్చింది. 1519 జనవరిలో మాక్సిమిలియన్ మరణించాక కొత్త చక్రవర్తిని ఎన్నుకోవలసినవారు ఏడుగురే: మైంజ్, కొలోన్, ట్రియర్ ఆర్చిబిషప్పులు, బొహీమియా రాజు, పాలటినేట్, సాక్సనీ, బ్రాండెన్‌బర్గ్ పాలకులు. ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ కూడా బరిలో దిగాడు. ఏడు ఓట్ల ధర ఆకాశానికి అంటింది. చార్ల్స్ పక్షం చివరికి ఖర్చు పెట్టింది 8,51,918 ఫ్లోరిన్లు. అందులో 5,43,585 ఫ్లోరిన్లు ఆగ్స్‌బర్గ్ నగరపు షావుకారు యాకోబ్ ఫుగ్గర్ ఒక్కడే సమకూర్చాడు. అదే ఊరి వెల్సర్ల కుటుంబం 1,43,333, మూడు ఇటలీ వ్యాపార సంస్థలు తలా 55,000 ఇచ్చాయి. జూన్ 28న ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఎన్నిక ఏకగ్రీవంగా ముగిసింది. బాకీ తీరడం ఆలస్యమైనప్పుడు, 1523లో ఫుగ్గర్ సూటిగా ఉత్తరమే రాశాడు. నా సహాయం లేకపోతే తమరికి రోమన్ కిరీటం దక్కేది కాదన్నది లోకమెరిగిన విషయమని గుర్తు చేసి, వడ్డీతో సహా చెల్లించమని అడిగాడు. ఒక నేతగాడి మనవడు లోకంలోకెల్లా పెద్ద చక్రవర్తికి అలా రాయగలిగాడంటే, ఎవరి చేయి పైన ఉందో వేరే చెప్పనక్కరలేదు.

ఆ అప్పుల వడ్డీని మన ఊరి లెక్కలోకి మార్చి చూస్తే విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వడ్డీని ఎవరూ ఏడాదికి ఇంత శాతమని చెప్పరు. నూటికి నెలకు రూపాయి, రూపాయిన్నర, రెండు రూపాయలు అంటారు. ప్రామిసరీ నోటు రాసేటప్పుడు రూపాయిన్నర అంటే తీర్చగలననే ధీమా, మూడు దాటిందంటే ఇచ్చేవాడికి నమ్మకం పోయిందని అర్థం, నాలుగు రూపాయలకు ఒప్పుకున్నవాడి పరిస్థితి గురించి బజారులో గుసగుసలు మొదలవుతాయి. చార్ల్స్ పాలన తొలి పుష్కరంలో కాస్తీల్ ఖజానా తీసుకున్న అప్పుల మీద సగటు భారం ఏడాదికి దాదాపు 18 శాతం, అంటే రూపాయిన్నర. చివరి నాలుగైదేళ్లలో అది 49 శాతానికి చేరువైంది. అంటే నాలుగు రూపాయల పైమాట. మెక్సికో, పెరూ వెండి బంగారాలు ఓడల మీద ఓడలుగా సెవియా రేవుకు వచ్చి పడుతున్న రోజుల్లోనే ఇది జరిగింది. వెండి వస్తున్నదన్న నమ్మకం మీదే మరింత అప్పు పుట్టేది, ఓడ రేవు చేరకముందే ఆ వెండి ఎవరికి చెల్లాలో రాతకోతలు అయిపోయేవి.

ఇక్కడ అతని తల్లి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, ఎందుకంటే ఈ మనిషిని గౌరవించాలనుకున్నప్పుడల్లా నాకు అడ్డు వచ్చేది అదే. కాస్తీల్‌కు చట్ట ప్రకారం రాణి చార్ల్స్ తల్లి హువానా. భర్త ఫిలిప్ 1506లో మరణించాక, ఆమెకు మతి చలించిందని చెప్పి, సొంత తండ్రి ఫెర్డినాండ్ ఆమెను 1509లో తోర్దెసియాస్ కోటలో నిర్బంధించాడు. 1517లో స్పెయిన్ చేరిన చార్ల్స్ చేసిన మొదటి పనుల్లో ఒకటి తల్లిని చూడటం. ఊహ తెలిశాక చూడని తల్లి. చూశాడు, ఆమె పేరుతో కలిపి తన పేరు రాసుకుంటూ రాజ్యం చేసే ఏర్పాటు చేసుకున్నాడు, ఆమెను మాత్రం అదే గదుల్లో ఉంచాడు. తండ్రి మరణించిన సంగతి కూడా ఆమెకు తెలియనివ్వకుండా, ఆయన ఇంకా బతికే ఉన్నాడని ఏళ్ల తరబడి నమ్మబలికించారు. ఆమెతోపాటు అదే చీకటి గదుల్లో పెరుగుతున్న చిన్న కూతురు కాతలీనాను 1518లో గోడకు కన్నం వేయించి రహస్యంగా తీసుకుపోయారు. హువానా అన్నం నీళ్లు మానేసింది. పిల్లను తిరిగి తెచ్చి ఇవ్వక తప్పలేదు.

రెండేళ్లకు కాస్తీల్ పట్టణాలు తిరగబడ్డాయి. కొత్త రాజు విదేశీ సలహాదారులకు పదవులు పంచిపెట్టి, చక్రవర్తి పట్టాభిషేకం కోసం తమ మీద కొత్త సొమ్ము మోపి, జర్మనీకి ఓడ ఎక్కాడన్నది వారి ఆగ్రహం. ఆ తిరుగుబాటుదారులు 1520లో తోర్దెసియాస్ చేరి, హువానా ఎదుట మోకరిల్లి, మా పక్షాన సంతకం చేయమని బతిమాలారు. ఆమె ఒక్క సంతకం పెట్టి ఉంటే కొడుకు రాజరికానికి చట్టబలం ఉండేది కాదు. వాళ్ల మాటలు మర్యాదగా విన్నది, సంతకం మాత్రం పెట్టలేదు. 1521 ఏప్రిల్ 23న వియలార్ వద్ద తిరుగుబాటు అణగిపోయింది, మర్నాడే నాయకులు పదియా, బ్రావో, మాల్దొనాదోల తలలు తెగాయి. రాజ్యాన్ని కాపాడిన తల్లికి దక్కింది మరో ముప్పై నాలుగేళ్ల నిర్బంధం. 1555 ఏప్రిల్‌లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, అక్కడే కన్నుమూసింది. ఆమె మతి నిజంగా ఎంతవరకు చెదిరిందన్నది చరిత్రకారులు వాదించుకుంటూనే ఉన్నారు. నలభై ఆరేళ్లు ఆ గదుల్లో ఉంచితే ఎవరి మతి నిలుస్తుందని నేను అడుగుతాను.

వియలార్ యుద్ధం జరిగిన వారంలోనే అతడు జర్మనీలో వోర్మ్స్ సభలో ఉన్నాడు. లూథర్‌ను ఏప్రిల్ 17న పిలిచి, రాసినవన్నీ వెనక్కి తీసుకుంటావా అని అడిగారు. ఆలోచించుకోవడానికి గడువు అడిగి, మర్నాడు తీసుకోనన్నాడు. ఆ రాత్రి కూర్చుని చార్ల్స్ ఫ్రెంచి భాషలో తన చేతితో ఒక ప్రకటన రాసి, మరునాడు చదివించాడు. వెయ్యేళ్లుగా క్రైస్తవ లోకమంతా నమ్మినదానికి ఒక్క సన్యాసి ఎదురు నిలిస్తే పొరబాటు ఆ ఒక్కనిదే అయి ఉండాలని, తన పూర్వుల విశ్వాసం కోసం రాజ్యాలను, మిత్రులను, శరీరాన్ని, ప్రాణాన్ని, ఆత్మను పణంగా పెడతానని అందులో ఉంది. రాసినవాడికి ఇరవై ఒక్కేళ్లు. ఆ వయసులో ఇచ్చిన మాటను చివరిదాకా పట్టుకున్నాడు, దానితోపాటు లూథర్‌కు ఇచ్చిన అభయపత్రాన్నీ గౌరవించి క్షేమంగా వెళ్లనిచ్చాడు. ఆ తర్వాత జర్మనీని వదిలి, సోదరుడు ఫెర్డినాండ్‌కు అక్కడి బాధ్యత అప్పగించి, దాదాపు తొమ్మిదేళ్లు తిరిగి అడుగుపెట్టలేదు. స్పెయిన్‌ను చక్కదిద్దుకోవాలి, ఇటలీలో ఫ్రాన్స్‌తో యుద్ధం చేయాలి. కొత్త మతం వేళ్లూనింది ఆ తొమ్మిదేళ్లలోనే.

ఫ్రాన్స్ యుద్ధంలో అతనికి దక్కిన గెలుపు అసామాన్యమైనది. 1525 ఫిబ్రవరి 24న, సరిగ్గా అతని ఇరవై అయిదో పుట్టినరోజున, పావియా వద్ద అతని సేన ఫ్రెంచి సైన్యాన్ని తుడిచిపెట్టి సాక్షాత్తు ఫ్రాన్సిస్ రాజునే బందీగా పట్టుకుంది. చార్ల్స్ మాడ్రిడ్‌లో ఉన్నాడు. వార్త విని విజయోత్సవాలు వద్దని, ప్రార్థన చేసుకోవడానికి వెళ్లాడు. కానీ ఆ గెలుపును సొమ్ము చేసుకోవడానికి కావలసిన సొమ్మే లేదు. బర్గండీ ఇచ్చేస్తానని ఒప్పందం మీద ప్రమాణం చేసి, ఇద్దరు కొడుకులను తన బదులు బందీలుగా పంపి, 1526లో విడుదలైన ఫ్రాన్సిస్ సరిహద్దు దాటగానే ఆ ఒప్పందం చెల్లదన్నాడు. మర్నాటి ఏడాది, నెలల తరబడి జీతాలు అందని చక్రవర్తి సైన్యం ఇటలీలో అదుపు తప్పి, రోమ్ మీద పడింది. 1527 మే 6న మొదలైన ఆ దోపిడీలో చర్చిలు, ఆసుపత్రులు, సమాధులు కూడా మిగలలేదు. పోప్ ఏడవ క్లెమెంట్ సంత్ ఆంజెలో కోటలో తలదాచుకున్నాడు. క్రైస్తవ మతాన్ని కాపాడతానని వోర్మ్స్‌లో ప్రమాణం చేసిన చక్రవర్తి పేరు మీదే రోమ్ నగరం నాశనమైంది, ఆ పని చేయమని అతడు ఆజ్ఞాపించలేదు. జీతాల బకాయి ఆజ్ఞాపించింది. వయ్యదోలీద్ పట్టణంలో కొడుకు ఫిలిప్ పుట్టిన సంబరాలు జరుగుతుండగా కబురు చేరింది. ఆటపాటలు ఆపించాడు.

ఫిలిప్ తల్లి ఇసబెల్లా గురించి రాసేటప్పుడు నాకు కొంత తెరిపిగా ఉంటుంది. ఆమె పోర్చుగల్ రాజు మాన్యుయెల్ కూతురు. గోవాను 1510లో పట్టుకున్నది, రాయలవారికి గుర్రాలు అమ్మినది ఆ మాన్యుయెల్ మనుషులే. 9 లక్షల బంగారు నాణేల కట్నం చూసి చేసుకున్న పెళ్లి అది, అందులో దాపరికం లేదు. 1526 మార్చిలో సెవియాలో వివాహమైంది, ఆ వేసవిని గ్రనాదాలోని అల్‌హంబ్రా తోటల్లో గడిపారు. కట్నం కోసం కట్టుకున్న భార్య మీద అతనికి కలిగిన ప్రేమ జీవితాంతం చెదరలేదు. అతడు దేశాలు తిరుగుతుంటే స్పెయిన్‌ను ఏళ్లకు ఏళ్లు ఆమే పాలించింది. ఇక్కడ డబ్బు లేదు, వచ్చి బిడ్డల ముఖం చూడండి అని ఉత్తరాలు రాసేది. 1539 మే 1న తొలేదోలో కాన్పు వికటించి మరణించింది. అతడు మళ్లీ పెళ్లి చేసుకోలేదు, తక్కిన జీవితమంతా నల్లటి దుస్తుల్లోనే గడిపాడు. అల్‌హంబ్రాలో వారి కోసం మొదలుపెట్టిన గుండ్రటి ప్రాంగణపు రాజభవనంలో ఒక్క రాత్రి కూడా నిద్ర చేయలేదు. దానికి పైకప్పు పడింది 20వ శతాబ్దంలో.

సొమ్ము లోటు ఎంతటిదంటే, 1529లో జరగోసా ఒప్పందంతో లవంగాలు పండే మొలుక్కస్ దీవుల మీద తన హక్కును 3,50,000 దుకాట్లకు భార్య అన్నగారైన పోర్చుగల్ రాజుకు వదులుకున్నాడు. నావికుడు మెజెల్లన్ దండును పంపి, భూగోళం చుట్టించి, కేవలం పద్ధెనిమిది మందితో 1522లో తిరిగి చేరిన విక్టోరియా ఓడ పుణ్యాన సంపాదించిన హక్కు అది. ఫుగ్గర్లకు స్పెయిన్‌లోని సైనిక ధర్మసంస్థల భూముల ఆదాయం, దానితోపాటు అల్మదేన్ పాదరసపు గనులు ఇజారాకు వెళ్లాయి. వెల్సర్లకు 1528లో వెనెజువెలా దేశాన్నే రాసి ఇచ్చాడు.

1530లో, మళ్లీ తన పుట్టినరోజునే, బొలోన్యా నగరంలో పోప్ క్లెమెంట్ చేతుల మీదుగా కిరీటం ధరించాడు. రోమ్‌లో కాక బొలోన్యాలో ఎందుకు జరిగిందో చెప్పనక్కరలేదు. పోప్ చేతుల మీదుగా పట్టాభిషేకం పొందిన చివరి చక్రవర్తి అతడే. ఆ ముందు ఏడాదే తురుష్క సుల్తాను సులేమాన్ వియన్నా గోడల దాకా వచ్చి వెనుదిరిగాడు. 1535లో చార్ల్స్ స్వయంగా సముద్రం దాటి ట్యునిస్‌ను పట్టుకున్నాడు. ఆ దండయాత్ర ఖర్చు ఎక్కడిదో తెలిస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది. పెరూలోని కహమార్కాలో స్పానిష్ దండనాయకుడు పిజారో చేతికి చిక్కిన, ఇంకా అనే జాతి చక్రవర్తి అతహువాల్పా, ఒక గదిని బంగారంతో నింపుతానని మాట ఇచ్చి, ఆ మాట నిలుపుకుని కూడా 1533లో ఉరికి బలయ్యాడు. ఆ బంగారు పాత్రలు, విగ్రహాలు, ఆలయపు రేకులు కరిగి నాణేలై ఉత్తర ఆఫ్రికా తీరంలో సిపాయిల జీతాలయ్యాయి. 1541లో అల్జీర్స్ మీదికి వెళ్లినప్పుడు తుపాను అతని ఓడలను చిత్తు చేసింది.

కొత్త ఖండంలో జరుగుతున్న ఘోరాలు అతనికి పట్టలేదనడం న్యాయం కాదు. బార్తొలొమె దె లాస్ కాసాస్ అనే మతాచార్యుడు కళ్లారా చూసినవి చెప్పినప్పుడు విన్నాడు. 1542 నవంబరులో జారీ అయిన కొత్త చట్టాలు స్థానికులను బానిసలుగా చేయడాన్ని నిషేధించాయి, వారిని పనికి కట్టేసుకునే జమీందారీ వంటి ఏర్పాటు వారసులకు సంక్రమించరాదన్నాయి. పెరూలోని స్పానిష్ కామందులు కత్తులు దూశారు. 1546లో చక్రవర్తి ప్రతినిధినే యుద్ధంలో చంపారు. అప్పటికే, 1545లో, వారసత్వాన్ని రద్దు చేసిన నిబంధనను చార్ల్స్ వెనక్కి తీసుకున్నాడు. పెరూ వెండి ఆగితే ఆగ్స్‌బర్గ్ షావుకార్లకు సమాధానం చెప్పలేని స్థితి. తిరిగి 1550లో, ఈ దండయాత్రలు ధర్మమా కాదా అని పండితులు తేల్చేదాకా కొత్తవి ఆపమని ఆజ్ఞ ఇచ్చి, వయ్యదోలీద్‌లో చర్చ ఏర్పాటు చేశాడు. తన సైన్యాల గెలుపు ధర్మబద్ధమేనా అని ఒక సమ్రాట్టు సభ పెట్టి విచారించడం ఆనాటికి అరుదైన సంగతి. అది అతని మనసు. వెనక్కి తీసుకున్న నిబంధన అతని ఖజానా. లక్షల ప్రాణాల లెక్కలో ఖజానాదే పైచేయి అయింది, ఆ పాపం నుంచి అతన్ని తప్పించడానికి నాకు మనసొప్పదు.

1543 మే నెలలో, జర్మనీ యుద్ధానికి బయలుదేరుతూ, పలమోస్ రేవులో గాలి అనుకూలించక ఆగినప్పుడు, పదహారేళ్లు నిండబోతున్న ఫిలిప్‌కు స్వహస్తంతో రెండు లేఖలు రాశాడు. రెండోది ఎవరికీ, చివరికి కట్టుకోబోయే భార్యకు కూడా, చూపకూడదన్నాడు. ఒక్కొక్క మంత్రి గుణగణాలు అందులో నిర్మొహమాటంగా ఉన్నాయి. ఆల్బా ప్రభువు యుద్ధంలో దిట్ట, కానీ ఎంత ఎత్తుకు ఎదగనిస్తే అంత ఎత్తుకు ఎదగాలని చూస్తాడు, పాలనలో చేయి పెట్టనీయకు. కోబోస్‌కు ఖజానా లెక్కలన్నీ తెలుసు, అయితే అతని భార్యకు ఆశ ఎక్కువ. ఏ ఒక్కరి చేతికీ చిక్కకు, అందరి మాటా విను. కొత్త పెళ్లికొడుకు దాంపత్య సుఖంలో మితం పాటించాలని కూడా హెచ్చరించాడు. నీకు ఇంత బీద ఖజానాను మిగిల్చి వెళ్తున్నానన్న బాధ ఆ లేఖల్లో దాగలేదు. దొరికిన చార్ల్స్ రాతలన్నిటిలో నాకు అతి దగ్గరగా అనిపించేది ఇదే. ముద్రలు, బిరుదులు పక్కన పెట్టి, తిరిగి వస్తానో రానో అనుకుంటున్న తండ్రి అందులో మాట్లాడతాడు.

1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బర్గ్ వద్ద, ఎల్బె నది దాటి, ప్రొటెస్టెంట్ రాజుల కూటమిని ఓడించి సాక్సనీ పాలకుణ్ని బందీ చేశాడు. మరుసటి ఏడాది తిషియాన్ ఆ విజయాన్ని చిత్రించాడు. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఆ పటంలో శత్రువు లేడు, శవం లేదు, సిపాయి లేడు. సాయంకాలపు ఆకాశం కింద, చేత బల్లెంతో, నల్లని గుర్రం మీద ఒంటరిగా ఒక మనిషి. కవచం మెరుస్తుంది, ముఖం పాలిపోయి ఉంటుంది. గౌట్ వ్యాధి అప్పటికే కీళ్లను కొరుకుతోంది. పటంలోని గంభీరత నిజమే, అలసట కూడా అంతే నిజం, గొప్ప చిత్రకారుడు రెంటినీ దాచలేదు.

ఆ గెలుపు అయిదేళ్లు నిలిచింది. మ్యూల్‌బర్గ్‌లో తన పక్షాన పోరాడిన సాక్సనీ వంశపు ప్రభువు మారిస్, 1552లో ఫ్రాన్స్‌తో చేతులు కలిపి హఠాత్తుగా దండెత్తాడు. ఇన్స్‌బ్రుక్‌లో సైన్యమూ సొమ్మూ లేక చిక్కుకున్న చక్రవర్తి, గౌట్‌తో గుర్రం ఎక్కలేని స్థితిలో, మే నెల వానలో, పల్లకీలో ఆల్ప్స్ కనుమలు దాటి ఫిల్లాఖ్ చేరాడు. అక్కడ అతన్ని నిలబెట్టింది ఎవరు? యాకోబ్ ఫుగ్గర్ అన్న కొడుకు ఆంటోన్. పాత బాకీలు తీరకుండానే మరో 4 లక్షల దుకాట్లు ఇచ్చాడు. అంత సొమ్ము మునిగినవాడు మరికొంత పోయక ఏం చేస్తాడు! ఆ అప్పుతో కొత్త సైన్యం కూర్చి, వద్దన్నవారి మాట వినకుండా, చలికాలంలో ఫ్రెంచివారి చేతిలో ఉన్న మెట్జ్ కోటను ముట్టడించాడు. ఫ్రెంచి సేనాని గీజ్ ప్రభువు కోటను నిలబెట్టుకున్నాడు. బయట గుడారాల్లో సిపాయిలు చలికీ జబ్బులకూ చచ్చారు. 1553 జనవరి తొలిరోజుల్లో ముట్టడి ఎత్తేశాడు. వడ్డీ నాలుగు రూపాయలు దాటింది ఆ ఏళ్లలోనే.

1555 సెప్టెంబరులో ఆగ్స్‌బర్గ్ శాంతి ఒప్పందం కుదిరి, ఏ పాలకుని ప్రాంతంలో ఆ పాలకుని మతమే చెల్లుతుందని తేలింది. వోర్మ్స్ ప్రమాణానికి అది నీళ్లు వదలడమే. ఆ కాగితం మీద తన చేయి పడకూడదని తమ్ముడు ఫెర్డినాండ్‌కు అధికారం ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు. నెల తిరిగేసరికి, అక్టోబరు 25న, బ్రస్సెల్స్ రాజభవనంలో నెదర్లాండ్స్‌ను ఫిలిప్‌కు అప్పగించాడు. ఒక చేత కర్ర, మరో చేయి ఆరెంజ్ సంస్థానాధిపతి, ఇరవై రెండేళ్ల విలియం భుజం మీద. కళ్లజోడు పెట్టుకుని చీటీ చూసి మాట్లాడాడు. జర్మనీకి తొమ్మిది సార్లు, స్పెయిన్‌కు ఆరు, ఇటలీకి ఏడు, ఈ నెదర్లాండ్స్‌కు పది, ఫ్రాన్స్‌కు నాలుగు, ఇంగ్లండ్‌కు రెండు, ఆఫ్రికాకు రెండు సార్లు ప్రయాణించానని లెక్క చెప్పి, తెలిసి ఎవరికీ అన్యాయం చేయలేదని, తెలియక చేసి ఉంటే క్షమించమని కోరాడు. సభ కంటతడి పెట్టింది, అతడూ ఏడ్చాడు. ఏ యువకుని భుజం మీద ఆనాడు ఆనుకున్నాడో, పదమూడేళ్ల తర్వాత ఫిలిప్ మీద ఆయుధం పట్టింది ఆ విలియమే.

ఎస్త్రమదూరా కొండల్లోని యూస్తె మఠం పక్కన కట్టించుకున్న చిన్న భవనానికి 1557 ఫిబ్రవరిలో చేరాడు. పడక మీది నుంచే ప్రార్థన కనబడేలా బలిపీఠం వైపు తలుపు పెట్టించుకున్నాడు. ఇసబెల్లా చిత్రపటం, గడియారాలు, వాటిని బాగుచేసే హువానెలో తుర్రియానో వెంట వచ్చారు. గౌట్‌కు విషమని వైద్యులు మొత్తుకున్నా మాంసమూ బీరూ మానలేదు, బీరు కాచేవాణ్ని కూడా వెంటబెట్టుకునే వచ్చాడు. అతని చిటికెన వేలి ఎముక ఒకటి విడిగా భద్రమై ఉండగా, 2006లో వెలువడిన పరీక్ష ఆ కీలును గౌట్ ఎంతగా తినేసిందో చూపింది.

అన్నీ వదిలి ధ్యానంలో మునిగిపోయాడన్న కథ మాత్రం సగమే. 1557 వసంతంలో సెవియా రేవుకు వచ్చిన వెండిని, రాజ్యం అవసరాలకు పట్టి ఉంచకుండా, అధికారులు వర్తకులకు వదిలేశారని తెలిసి మండిపడ్డాడు. స్పెయిన్‌ను అప్పుడు ఏలుతున్నది అతని కూతురు, నాయనమ్మ పేరే పెట్టుకున్న హువానా. ఒంట్లో ఓపిక ఉంటే నేనే సెవియా వెళ్లి ఆ దొంగలను విచారించేవాణ్నని, వాళ్లను సంకెళ్లతో పట్టి తేవాలని ఆమెకు ఉత్తరాలు పంపాడు. మరుసటి ఏడాది వయ్యదోలీద్‌లో లూథర్ మతస్థులు బయటపడ్డారని విన్నప్పుడు అదే కోపంతో, దయాదాక్షిణ్యాలు లేకుండా శిక్షించమని రాశాడు.

ఆ రెండు ఉత్తరాల మధ్యలో, 1557 వేసవిలో, ఫిలిప్ చెల్లింపులు నిలిపివేసి, షావుకార్ల అధిక వడ్డీ అప్పులను ఏటా 5 శాతం మాత్రమే ఇచ్చే పత్రాలుగా మార్చేశాడు. నూటికి నెలకు అర్ధరూపాయి కూడా పడని లెక్క. తండ్రి నోట్ల మీద కొడుకు ఇచ్చిన తీర్పు అది, తండ్రి బతికి ఉండగానే. 1558 సెప్టెంబరు 21 తెల్లవారుజామున చార్ల్స్ మలేరియాతో కన్నుమూశాడు. రెండేళ్లకు ఆంటోన్ ఫుగ్గర్ కూడా పోయాడు, స్పెయిన్ బాకీ అతని వారసుల పద్దుల్లోకి ఎక్కింది. ఫిలిప్ 1560లో, 1575లో, 1596లో మళ్లీ మళ్లీ చెల్లింపులు ఆపాడు.